కొండమీది ఇంట్లో అతిథులం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మిట్టమధ్యాహ్నం గడప దాటినవారికి ఆ మాటలో అతిశయోక్తి కనిపించదు. పరీక్షలు అయిపోయి, బడులకు సెలవులిచ్చిన ఆ రోజుల్లో ఎక్కడైనా కాస్త చల్లగా గడిపి రావాలన్న కోరిక ఇంటింటా పుడుతుంది. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి, తిరుపతి నుంచి జనం కోయంబత్తూరులో దిగి నీలగిరుల దారి పడతారు. అక్కడికి చేరాక చాలామంది చేసేది ఒకటే. ఏ ఊళ్లో చూసినా ఒకేలా ఉండే హోటలు గదిలో సామాను పెట్టి, సరస్సు, పూలతోట, ఎత్తయిన శిఖరం చూసి, ఫొటోలు దిగి, మూడోనాటికి కొండ దిగుతారు. చల్లదనం దొరికిన మాట నిజమే. కానీ ఆ కొండమీద ఎవరుంటారో, ఎలా బతుకుతారో తెలియకుండానే తిరిగి వస్తారు.

ఇంకో రకం బస ఉంది. కూనూరు, కోటగిరి, ఊటీ వాలుల్లో నూరేళ్లు దాటిన బంగళాలు ఇంకా నిలిచి ఉన్నాయి. వాటిలో కొన్నింటిలో ఇంటివారు ఒక పక్క కాపురముంటూ, మిగిలిన నాలుగైదు గదులు అతిథులకు ఇస్తున్నారు. రాత్రికి పడక, పొద్దున్నే ఫలహారం. బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ అని పిలిచే పద్ధతి ఇదే. అక్కడ తలుపు తీసేది ఇంటి మనిషే. టీ అడిగితే వంటింట్లో నీళ్లు మరిగే చప్పుడు మన చెవికే వినిపిస్తుంది. వేసవిలో అలాంటి ఇంట్లో కొద్దిరోజులు ఉండటం చల్లదనంతో పాటు మనకు ఇంకేం ఇస్తుందో, మననుంచి ఏం కోరుతుందో ఆలోచించుకోవడానికి ఇది తగిన కాలం.

ముందు ఆ చల్లదనం సంగతి. పైకి పోయేకొద్దీ గాలి మీద ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గిన గాలి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించే గాలి చల్లబడుతుంది. సగటున కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ వేడి తగ్గుతుంది. కొండ అడుగున ఉన్న మేట్టుపాళయం సముద్ర మట్టానికి దాదాపు 330 మీటర్ల ఎత్తున ఉంటే, ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది. కింద చెమటతో తడిసిన చొక్కా పైకి చేరేసరికి చలి పుట్టించేది అందుకే. ఆ మార్పును ఒళ్లంతా తెలుసుకోవాలంటే కొండ రైలు ఎక్కాలి. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన ఈ లైను పొడవు 46 కిలోమీటర్లే. పైకి ఎక్కడానికి మాత్రం అయిదు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. కల్లార్ నుంచి కూనూరు వరకు వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, పట్టాల మధ్య పళ్ల కమ్మీ బిగించి, ఇంజను కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కేలా ఏర్పాటు చేశారు. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. పోకచెట్లు వెనకబడి, గుట్టలు తేయాకు పచ్చదనంగా మారి, గాలిలో నీలగిరి చెట్ల వాసన తగిలే దాకా ఆ రైలు మనల్ని తొందరపెట్టదు. కొండ ఇంటికి చేరడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

ఇక ఇల్లు. ఈ బంగళాల గోడలు బాగా మందంగా ఉంటాయి. రాయినో ఇటుకనో సున్నంతో పేర్చి కట్టినవి. కప్పు బాగా వాలుగా ఉంటుంది, నైరుతి వానా ఈశాన్య వానా రెండూ కురిసే కొండ గనుక. ముందు వరండాకు అద్దాల కిటికీలు బిగించి ఉంటాయి. పొద్దుటి ఎండ లోపలికి రావాలి, చలిగాలి బయటే ఆగాలి. ప్రతి పెద్దగదిలోనూ గోడలో చలిమంట గూడు, దాని పైన పొగగొట్టం. నేల మీద కర్ర పలకలు. నడిస్తే సన్నగా మూలుగుతాయి. ఏ గది ఏ పనికి, ఏ కిటికీ ఏ గాలికి అని తెలిసి కట్టిన ఇల్లు అది. ఫ్యానుకు కూడా చోటు లేని గదిలో మే నెలలో రెండు కంబళ్లు కప్పుకుని పడుకున్నప్పుడు, ఇంటిని వాతావరణానికి తగినట్టు కట్టుకోవడమంటే ఏమిటో ఏ పాఠమూ అక్కర్లేకుండా తెలుస్తుంది. కింద మైదానంలో అద్దాల గోడలు కట్టి, ఆ వేడిని యంత్రాలతో తరుముకుంటున్న మనకు ఆ తెలివిడి అవసరం.

ఇలాంటి ఇంటికి పెద్ద శత్రువు తాళం. కొండమీది తేమకు మూసిన గదిలో బూజు పడుతుంది, కర్రకు చెద పడుతుంది, పెంకు జారిన చోట చేరిన నీరు దూలందాకా దిగుతుంది. రోజూ కిటికీలు తెరిచే మనిషి ఉంటే, గూట్లో మంట వెలుగుతుంటే, ఆ వేడికి గోడలు ఆరుతాయి. జారిన పెంకు మర్నాడే కంటపడుతుంది. పాత ఇల్లు నిలవాలంటే అందులో మనిషి నిద్రపోవాలి. వారసులు నగరాల్లోనో విదేశాల్లోనో ఉన్నప్పుడు, మరమ్మతు ఖర్చు ఏటేటా పెరుగుతున్నప్పుడు, ఇంటిని అమ్మేయడం ఒక్కటే దారిగా కనిపిస్తుంది. కొన్నవారు దాన్ని పడగొట్టి అంతస్తుల హోటలు లేపుతారు. అతిథులకు ఇచ్చిన నాలుగు గదుల ఆదాయం ఆ పడగొట్టే రోజును వాయిదా వేస్తుంది. మనం ఒక రాత్రికి ఇచ్చే సొమ్ములో కొంత సున్నానికీ పెంకులకూ వడ్రంగి కూలికీ పోతుందంటే, అది మనం సంతోషంగా ఇవ్వదగిన సొమ్ము.

కేంద్ర పర్యాటక శాఖకు ఈ బసల కోసం ఒక పథకం ఉంది. అందులోని రెండు షరతులు మెచ్చదగినవి. ఒకటి, గదులు ఆరుకు మించరాదు. రెండు, యజమాని కుటుంబంతో అదే ఇంట్లో నివసించాలి. ఆతిథ్యం అనే మాటకు ఉన్న బరువంతా ఆ రెండో షరతులోనే ఉంది. ఇంటివారు లేని ఇల్లు ఎంత అందంగా ఉన్నా అద్దె గదే అవుతుంది. ఇంటివారున్న చోట మనం గొంతు తగ్గించుకుంటాం, చెప్పులు విడిచే చోటు అడుగుతాం, రాత్రి ఎప్పటికి తిరిగి వస్తామో చెప్పి బయటికి వెళ్తాం. మన మేనత్త ఇంటికో పెదనాన్న ఇంటికో వేసవిలో వెళ్లిన రోజుల్లో మనకు వచ్చిన మర్యాదే అది. ఆ మర్యాద నేర్చుకునే చోట్లు ఇప్పటి పిల్లలకు తగ్గిపోతున్నాయి.

ఆ ఇళ్లలో అన్నిటికన్నా విలువైన సమయం పొద్దుటి ఫలహారం. పొడవాటి బల్ల చుట్టూ ఒకరికొకరు తెలియనివారు కూర్చుంటారు. రొట్టె, గుడ్లు, ఇంటి చెట్టు పండ్లతో కాచిన జాము ఒక పక్క. ఇడ్లీ, చట్నీ మరో పక్క. పొరలు పొరలుగా విడిపోయే ఊటీ వర్కీలు, వాటితో పాటు కింది వాలులో కోసిన ఆకు టీ. ఆ బల్ల దగ్గరే ఇంటి కథ మొదలవుతుంది. ఈ గది ఎవరిది, ఈ గడియారం ఎక్కడిది, ఆ గులాబీ ఎవరు నాటారు. పక్కనే ఉన్న వెల్లింగ్టన్‌లో సైనిక విధుల నుంచి విశ్రాంతి తీసుకున్నాక కూనూరులోనే స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా కూడా తన చివరి కాలం కూనూరులోనే గడిపారు. తేయాకు తోటల నిర్వహణలో తరాలు గడిపిన కుటుంబాలూ ఉన్నాయి. వారికి చెప్పవలసినవి చాలా ఉంటాయి. వినడానికి కూర్చునే ఓపిక మనకు కావాలి.

అయితే ఆ కథ గడియారాలతోనూ గులాబీలతోనూ ఆగిపోకూడదు. నీలగిరి బంగళాల చరిత్రకు మొదటి పేజీ జాన్ సల్లివాన్. కోయంబత్తూరు కలెక్టరుగా ఉండి 1819లో ఈ కొండలు ఎక్కిన ఆయన, 1822లో ఊటీలో మొదటి బంగళా కట్టడం మొదలుపెట్టాడు. రాతి ఇల్లుగా పేరుపడిన ఆ కట్టడం కోసం తోడా ప్రజల దగ్గర ఎకరా రూపాయి చొప్పున భూమి కొన్నాడని చరిత్ర నమోదు చేసింది. తోడాలు గేదెలను మేపుకుంటూ, గేదెల చుట్టూనే తమ పూజలనూ పండుగలనూ అల్లుకున్న జాతి. కొండమీది గడ్డి మైదానాలు వారికి బతుకు, గుడి రెండూ. తోడాల భూమి హక్కుల కోసం తన ప్రభుత్వంతోనే వాదించినవాడు కూడా సల్లివానే. ఆ వాదన నెగ్గలేదు. గడ్డి మైదానాల మీద తేయాకు వచ్చింది, వంటచెరకు కోసం షోలా అనే కొండ అడవి నరికిన చోట ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన నీలగిరి చెట్టు పెరిగింది. నేడు తోడాల జనాభా రెండు వేలకు అటూ ఇటూగా ఉంది. ఎరుపు, నలుపు దారాలతో వారి స్త్రీలు కుట్టే అల్లికకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బంగళా సోఫా మీద పరిచిన ఆ గుడ్డ ఎవరి చేతి పనో, ఆ చేతులవారి భూమి ఏమైందో తెలుసుకుని మరీ తాకాలి.

కొండమీదికి సామాను చేరిన తీరు మరో కథ. ఊటీలోని సెయింట్ స్టీఫెన్స్ చర్చిని 1830లో ప్రతిష్ఠించారు. దాని దూలాలకు వాడిన కర్ర శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ భవనం నుంచి విప్పి తెచ్చినది. 1834లో బ్రిటిష్ అధికారి మెకాలే మద్రాసు నుంచి ఈ కొండకు వచ్చింది పల్లకిలో, బోయీల భుజాల మీద. రైలు లేని ఆ రోజుల్లో ఇక్కడికి చేరిన ప్రతి పియానో, ప్రతి అద్దం, ప్రతి ఇనుప మంచం ఎద్దుల మెడల మీదుగానో మనుషుల వీపుల మీదుగానో ఎక్కినవే. ఆ మోసినవారి పేర్లు ఏ గోడ ఫలకం మీదా లేవు.

తెలుగువారికి ఈ చరిత్రతో ఇంకా దగ్గరి సంబంధం ఉంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగం. ఊటీ ఆ ప్రభుత్వానికి వేసవి రాజధాని. కర్నూలు భూమిశిస్తు గురించీ, గోదావరి కాలువల గురించీ తీర్పు చెప్పే గవర్నరు ఏడాదిలో కొన్ని నెలలు ఈ చలిలోనే కూర్చునేవాడు. 1876లో మొదలై 1878 దాకా సాగిన ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్లో జనం లెక్కకు అందనంతగా చనిపోయారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. కరువు పనుల కింద తవ్వించి కలిపిన కాలువకు ఆయన పేరే ఉండిపోయింది. మన తీరం వెంట ఇప్పటికీ అది కనిపిస్తుంది. ఆ 1870ల చివరి ఏళ్లలోనే ఊటీలో ఆయన కోసం కొత్త గవర్నరు భవనం లేచింది. ఒకే ప్రభుత్వం, ఒకే ఖజానా. కింద గంజి కేంద్రాలు, పైన కొత్త భవనం. ఈ రెంటినీ కలిపి చదవకపోతే ఆ కొండ మనకు సగమే అర్థమవుతుంది.

తరవాతి పేజీ కూడా ఉంది. 1964లో భారత, శ్రీలంక ప్రధానులు శాస్త్రి, సిరిమావో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం శ్రీలంక తేయాకు తోటల నుంచి లక్షలాది తమిళ కూలీలు భారతదేశానికి రావలసి వచ్చింది. వారికి పని కల్పించడం కోసం తమిళనాడు ప్రభుత్వం నీలగిరుల్లో తేయాకు తోటలు వేసింది. పుట్టిన ఊరు విడిచి, తాతల ఊరు తెలియక, మధ్యలో ఈ వాలు మీద నిలదొక్కుకున్నవారి బిడ్డలే ఈ రోజు ఎన్నో తోటల్లో ఆకు కోస్తున్నారు. మన బల్ల మీది కప్పులో వారి శ్రమ ఉంది.

ఇదంతా చెప్పుకోవడం సెలవుల సంతోషాన్ని చెడగొట్టడానికి కాదు. ఇల్లు అందంగా ఉంది, దాన్ని కాపాడుకోవాలి. కాపాడటం అంటే గోడలను కాపాడటంతో పాటు నిజాన్ని కూడా కాపాడటం. వంశ చిత్రపటాలు వేలాడే గోడ మీద తోడా గుడిసె బొమ్మకూ చోటిచ్చే ఇంటివారు, వంటవాడి తాత పేరు కూడా గుర్తుపెట్టుకున్న ఇంటివారు తమ అతిథులకు మంచి చదువు చెబుతున్నారు. అది వినే పిల్లవాడికి చరిత్ర పరీక్ష కోసం కంఠస్థం చేసే తేదీల పట్టికగా మిగిలిపోదు.

మన వంతు బాధ్యత కూడా చిన్నదేమీ కాదు. వేసవిలో కొండలు మన బరువుకు వంగిపోతున్నాయి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 వేసవికి నీలగిరుల్లోకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలకే అనుమతి అని పరిమితి పెట్టారు. కొందరికి ఇది ఇబ్బందిగా తోచవచ్చు. కానీ ఆ కొండల నీటి లెక్క తెలిస్తే కోపం రాదు. షోలా అడవీ దాని చుట్టూ ఉండే గడ్డి మైదానమూ కలిసి వాన నీటిని స్పంజిలా పీల్చుకుని, ఎండాకాలమంతా బొట్టుబొట్టుగా వదులుతాయి. భవానీ, మోయారు నదులకు ఆధారం అవే. ఆ స్పంజి మీద రోడ్లూ హోటళ్లూ లేచినకొద్దీ, జనం ఎక్కువగా వచ్చే నెలల్లోనే కుళాయిలు ఎండుతాయి. చూడవలసిన చోట్ల జాబితా పట్టుకుని రోజుకో ఊరు తిరిగే బదులు ఒకే ఇంట్లో నాలుగు రోజులుండి, కాలినడకన తిరిగి, ఇంటివారు చెప్పినన్ని నీళ్లే వాడుకుని వస్తే కొండకు మన బరువు చాలావరకు తగ్గుతుంది. పిల్లలు మొదటి రోజు విసుక్కుంటారు. రెండో రోజుకు పిట్టల గొంతులు గుర్తుపడతారు.

ఈ ఆలోచన మన కొండలకూ వర్తించాలి. మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మీద పందొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్లీ వేసవి ఇల్లు కట్టుకున్నాడు. చివరికి కొండకు ఆయన పేరే స్థిరపడింది. రాయలసీమ ఎండల నడుమ నాలుగు వేల అడుగుల పైన ఉన్న ఆ చోటుకు, ఏనుగుల సంరక్షణలో పెరిగిందని చెప్పే మల్లమ్మ కథే పాతది. అక్కడికి వెళ్లే ప్రతి కుటుంబానికీ ఆ రెండు పేర్లూ, ఆ రెండు కథలూ తెలియాలి. మన జిల్లాల్లో అటవీ శాఖ బంగళాలు, పాత ప్రయాణికుల బంగళాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం పడి ఉండే ఇలాంటి ఇళ్లను చుట్టుపక్కల ఊళ్లవారికి అప్పగించి, వారే వండిపెట్టి, వారే కథ చెప్పే పద్ధతి పెడితే గోడలూ నిలుస్తాయి, ఊరికి నాలుగు డబ్బులూ దక్కుతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన అవకాశం అరకు, లంబసింగి, పాడేరు వైపు ఉంది. చలికాలంలో వలిసె పూలు చూడటానికీ, వేసవిలో కాస్త నీడ కోసమూ జనం ఆ దారిన పోటెత్తుతున్నారు. ఊటీకి లేని రక్షణ ఒకటి అక్కడ ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన 1/70 చట్టం, షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పరం కాకుండా అడ్డుపడుతోంది. నీలగిరుల్లో ఎకరా రూపాయికి జరిగింది ఇక్కడ జరగకూడదన్నదే ఆ చట్టం ఉద్దేశం. బినామీ పేర్లతో దాన్ని దాటాలని చూసేవారు లేకపోలేదు. వారిని ఆపడం ప్రభుత్వం పని. అక్కడి భగత, కొండదొర, పోర్జా గిరిజనులు తమ ఇంటిలో ఒక గది శుభ్రం చేసుకుని, పొద్దున్నే చోడి అంబలీ కాఫీ పెట్టి, సాయంత్రం తమ కొండ గురించి తామే చెప్పుకునేలా శిక్షణ, చిన్న అప్పు, మరుగుదొడ్డికి సాయం అందించడం కూడా ప్రభుత్వం పనే. ఆ గదికి నూరేళ్ల బంగళా హోదా ఉండదు. కానీ ఆ ఇంటివారు ఆ కొండమీద ఉన్నది ఏ బంగళా కన్నా ముందు నుంచే.

పాత బంగళాలో బస చేసి వచ్చినవారు మనకు చెప్పవలసిన మాట కూడా ఇదే. కొండమీద చల్లగాలి అందరిదీ. అక్కడి నేల, నీరు, కథ మాత్రం ముందు అక్కడ బతికేవారివి. ఆ సంగతి ఒప్పుకున్న అతిథికి ఏ ఇంట్లోనైనా చోటు దొరుకుతుంది. ఈ వేసవిలో పెట్టె సర్దుకునే ప్రతి కుటుంబమూ ఎక్కడ ఉండాలన్న ప్రశ్నతో పాటు ఎవరి ఇంట్లో ఉండబోతున్నామన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆ జవాబును బట్టి మన ప్రయాణం మారుతుంది, కొండల భవిష్యత్తూ కొంత మారుతుంది.